మైదానాలు కట్టిన చేతులకు జవాబుదారు ఎవరు?

ఒలింపిక్స్‌నో ప్రపంచ ఫుట్‌బాల్ కప్పునో ఏ దేశానికి అప్పగించాలో తేల్చే నిర్ణయం పైకి ఆటలకు సంబంధించినదిగానే కనిపించినా, దాని వెనువెంట లక్షలాది కూలీల వలస, పేదల బస్తీల తొలగింపు, వేల కోట్ల కాంట్రాక్టుల పంపకం, పోలీసు అధికారాల విస్తరణ జరుగుతాయి కనుక, అది సామాన్యుల బతుకులను నేరుగా తాకే రాజకీయ, ఆర్థిక నిర్ణయం కూడా అవుతుంది. చాలాకాలం పాటు ఈ రెండో పార్శ్వాన్ని క్రీడాభిమానులు గానీ పత్రికలు గానీ పెద్దగా పట్టించుకోలేదు. 2022లో ఖతార్‌లో జరిగిన ప్రపంచ కప్పు ఆ ఉపేక్షకు వీలులేని పరిస్థితి తెచ్చింది. నిజామాబాద్, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల పల్లెల నుంచీ, ఇటు కడప, గోదావరి జిల్లాల నుంచీ దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు పనికి పోతున్న తెలుగువారికి ఇది దూరపు వార్త కాదు. ఆ దేశాల కట్టడాల్లో, ఇళ్ళలో, రోడ్ల మీద వారి చెమట ఉంది, కొన్ని కుటుంబాలకు అక్కడి నుంచి శవపేటికలే తిరిగివచ్చాయి.

2010 డిసెంబరు 2న జ్యూరిక్‌లో సమావేశమైన ఫిఫా, అంటే ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సమాఖ్య, తన కార్యనిర్వాహక సంఘంలోని 22 మంది సభ్యుల ఓట్లతో 2022 పోటీలను ఖతార్‌కు కట్టబెట్టింది. చివరి దఫా ఓటింగులో ఖతార్‌కు 14, అమెరికాకు 8 ఓట్లు వచ్చాయి. అంతకుముందు ఫిఫా నిపుణులే తయారుచేసిన పరిశీలన నివేదిక, జూన్, జూలై నెలల ఎండ ఆటగాళ్ళకు, అధికారులకు, ప్రేక్షకులకు ఆరోగ్య ప్రమాదం కాగలదని హెచ్చరించింది. ఆ ఎండలోనే పన్నెండేళ్ళ పాటు స్టేడియాలు, మెట్రో, రహదారులు, హోటళ్ళు కట్టబోయే మనుషుల మాట ఆ హెచ్చరికలో లేదు. ఎండ సమస్య తీవ్రతను ఒప్పుకుని 2015లో పోటీలను నవంబరు, డిసెంబరు నెలలకు మార్చారు. ఆటగాళ్ళ విషయంలో అది సరైన నిర్ణయమే. నిర్మాణ పనులు మాత్రం ప్రతి వేసవిలోనూ సాగాయి. ఒకే ఎండ ఆటగాడి విషయంలో ప్రపంచ క్యాలెండరునే మార్చగలిగినప్పుడు, కూలీ విషయంలో పని వేళలను తగినంతగా మార్చడానికి కూడా ఏళ్ళు పట్టడం ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా బాధాకరమైన సంగతి.

ఖతార్ జనాభా సుమారు 29 లక్షలు. అందులో పౌరులు పదో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే, పనిచేసేవారిలో నూటికి తొంభై మందికి పైగా భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, ఫిలిప్పీన్స్, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవారు. ఇంతమంది విదేశీయులను అదుపులో ఉంచడానికి గల్ఫ్ దేశాలు నమ్ముకున్న ఏర్పాటు పేరు కఫాలా. కఫాలా అంటే పూచీకత్తు పద్ధతి: విదేశీ కార్మికుడు ఆ దేశంలో ఉండటానికీ పనిచేయడానికీ ఒక యజమాని పూచీ పడాలి, ఆ యజమానిని కఫీల్ అంటారు, ఆ పూచీ పోయిన మరుక్షణం కార్మికుడి ఉనికే చట్టవిరుద్ధమవుతుంది. పాత పద్ధతిలో కఫీల్ సమ్మతి పత్రం ఇవ్వనిదే వేరే కంపెనీకి మారే వీలు లేదు. నిష్క్రమణ అనుమతి, అంటే ఎగ్జిట్ పర్మిట్, ఇవ్వనిదే సొంత ఊరికి విమానం ఎక్కే వీలు కూడా లేదు. చట్టం నిషేధించినా పాస్‌పోర్టులను యజమానులే దగ్గర ఉంచుకునేవారు. జీతం ఇవ్వని కఫీల్ నుంచి పారిపోయి మరోచోట పనిచేసుకునేవారిని గల్ఫ్ కార్మికులు ‘ఖల్లివల్లి’ అంటారు. నిజానికి అలాంటివారిలో చాలామంది తమకు రావలసిన జీతం కోసం అడిగి, దొరకక, తప్పనిసరై బయటపడినవారే, అయినా చట్టం దృష్టిలో నేరస్థులు వారే అయ్యారు, జీతం ఎగ్గొట్టిన యజమాని కాలేదు.

ఈ కట్టుబాటు ఊరు విడవకముందే, అప్పుతో మొదలవుతుంది. భారత వలస నిబంధనల ప్రకారం నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి నుంచి 30 వేల రూపాయలు, దానిపై పన్ను మాత్రమే తీసుకోవాలి. ఊళ్ళలోని ఉపఏజెంట్లు దీనికి ఎన్నో రెట్లు వసూలు చేయడం గల్ఫ్ వలస ఉన్న జిల్లాల్లో అందరికీ తెలిసిన విషయం. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వీసా కొన్నవాడు, అక్కడికి చేరాక చెప్పిన జీతంలో సగమే ఇస్తామన్నా, ఎనిమిది మంది పట్టే గదిలో పదహారు మందిని పెట్టినా, వెనక్కి తిరగలేడు. కఫీల్ పేరు కాగితం మీద మాత్రమే ఉండి, పని తానే వెతుక్కోవలసిన ‘ఆజాద్ వీసా’ల మీద వెళ్ళినవారి పరిస్థితి ఇంకా అధ్వానం, ఎందుకంటే పని ఇచ్చినవాడికీ కాగితం మీది యజమానికీ సంబంధం లేనందున ఎవరినీ నిలదీసే దారి ఉండదు. అప్పు, పూచీకత్తు, భాష రాకపోవడం అనే మూడూ కలిసినప్పుడు ఒక మనిషి చేసే పని ఎంతవరకు స్వేచ్ఛతో చేసే పని అనే ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్నకు భారత న్యాయవ్యవస్థ చాలా ముందే ఇచ్చిన సమాధానం ఒకటి ఉంది, దాని ప్రస్తావన ముందుముందు వస్తుంది.

ఖతార్‌పై జరిగిన వాదోపవాదాలన్నిటిలోకీ ఎక్కువగా వినిపించినవీ, ఎక్కువగా వక్రీకరణకు గురైనవీ మరణాల లెక్కలు. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ పత్రిక గార్డియన్, ఆతిథ్య హక్కు దక్కిన నాటి నుంచి దశాబ్ద కాలంలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక దేశాలకు చెందిన 6,500 మందికి పైగా వలస కార్మికులు ఖతార్‌లో మరణించారని ఆయా దేశాల అధికారిక రికార్డుల ఆధారంగా వెల్లడించింది. వారిలో 2,711 మంది భారతీయులు. ఈ అంకె అన్ని వృత్తులవారినీ, అన్ని కారణాలనూ కలుపుకున్నది కాబట్టి, ఇంతమందీ స్టేడియాలు కడుతూ చనిపోయారని ప్రచారం చేయడం తప్పు. అయితే నిర్వాహకులు చెప్పిన లెక్క మరో వైపు అంతే ఇరుకైనది. ప్రపంచ కప్పు ఏర్పాట్లను చూసిన ఖతార్ సుప్రీం కమిటీ, స్టేడియాల పనుల్లో పని కారణంగా జరిగిన మరణాలు 3, పనితో సంబంధం లేనివి 37 అని చెబుతూ వచ్చింది. 2022 నవంబరులో ఆ కమిటీ ప్రధాన కార్యదర్శే ఒక టెలివిజన్ ఇంటర్వ్యూలో, టోర్నమెంటుతో ముడిపడిన పనులన్నిటిలో కలిపి 400 నుంచి 500 మంది వరకు చనిపోయి ఉంటారని అన్నారు. మూడుకూ అయిదు వందలకూ మధ్య ఇంత అంతరం ఉండటానికి కారణం, పని వల్ల జరిగిన మరణంగా దేన్ని గుర్తించాలో తేల్చే నిర్వచనంలో ఉంది.

పై నుంచి పడిపోయినవాడి మరణం పని వల్ల జరిగినదని ఎవరూ కాదనలేరు. పగలంతా 40 డిగ్రీలు దాటిన ఎండలో కాంక్రీటు పోసి, రాత్రి క్యాంపులో పడుకుని తెల్లారేసరికి లేవని ముప్పై ఏళ్ళ యువకుడి మరణ ధ్రువపత్రంలో మాత్రం ‘సహజ కారణాలు’ అనో, ‘గుండె ఆగిపోవడం’ అనో రాసేవారు. గార్డియన్ పరిశీలించిన వివరాల్లో భారతీయుల మరణాల్లో నూటికి 80 ఇలాంటి సహజ మరణాల కింద నమోదయ్యాయి. గుండె ఆగడం మరణానికి లక్షణమే తప్ప కారణం కాదని వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. గుండె వైద్యానికి సంబంధించిన ఒక అంతర్జాతీయ పత్రికలో 2019లో వెలువడిన అధ్యయనం, 2009–2017 మధ్య ఖతార్‌లో మరణించిన నేపాలీ కార్మికుల వివరాలను రోజువారీ ఉష్ణోగ్రతలతో పోల్చి, గుండె జబ్బుల కింద నమోదైన 571 మరణాల్లో దాదాపు 200 వరకు ఎండ నుంచి తగిన రక్షణ ఉంటే నివారించగలిగినవేనని అంచనా వేసింది. అంతకుముందే 2014లో, ఖతార్ ప్రభుత్వం తానే నియమించుకున్న ఒక అంతర్జాతీయ న్యాయవాదుల సంస్థ ఇలాంటి ఆకస్మిక మరణాలపై ప్రత్యేక అధ్యయనం జరపాలనీ, శవపరీక్షలకు వీలు కల్పిస్తూ చట్టాన్ని సవరించాలనీ సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలుకు నోచుకోలేదు.

ధ్రువపత్రంలోని ఆ ఒక్క పంక్తి మీద కుటుంబం భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. ఖతార్ కార్మిక చట్టం కింద యజమాని పరిహారం చెల్లించవలసింది పని కారణంగా మరణించినప్పుడే. సహజ మరణమని రాస్తే అతడి బాధ్యత తీరిపోయినట్టే. భారత ప్రభుత్వం విదేశాలకు కూలి పనులకు వెళ్ళేవారికి తప్పనిసరి చేసిన ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా 10 లక్షల రూపాయలు ఇచ్చేది ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వికలాంగులైనా మాత్రమే. పదో తరగతి పాస్ కాని, వెళ్ళేముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం అనుమతి తీసుకోవలసిన ‘ఈసీఆర్’ పాస్‌పోర్టుల వారికి ఈ బీమా వర్తిస్తుంది, వారే ఎండలో పనిచేసేవారు, వారికే ఎక్కువగా సహజ మరణ ధ్రువపత్రాలు వస్తాయి. అంటే అక్కడి చట్టమూ ఇక్కడి బీమా కూడా ఒకే చోట తలుపు మూస్తున్నాయి. గల్ఫ్‌లో మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని 2024లో రాష్ట్ర ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ఈ లోటును కొంత తీరుస్తుంది, అందుకు గల్ఫ్ కార్మిక సంఘాలు ఏళ్ళ తరబడి చేసిన పోరాటమే కారణం. అయినా ఆ సొమ్ము చెల్లించవలసినవాడు ఆ చెమటతో లాభపడినవాడు. చెల్లిస్తున్నది మాత్రం రాష్ట్ర ఖజానా.

ఖతార్‌లో ఏ మార్పూ రాలేదనడం అన్యాయం. 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వార్షిక సదస్సులో కార్మిక ప్రతినిధులు దాఖలు చేసిన ఫిర్యాదు, పత్రికల ఒత్తిడి, మానవ హక్కుల సంఘాల నివేదికలు కలిసి ఆ ప్రభుత్వాన్ని కదిలించాయి. 2018లో దోహాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్యాలయం తెరుచుకుంది. అదే ఏడాది ఎక్కువమంది కార్మికులకు, 2020 జనవరిలో ఇళ్ళలో పనిచేసేవారికి సైతం నిష్క్రమణ అనుమతి నిబంధన తొలగింది. 2020 ఆగస్టులో ఉద్యోగం మారడానికి కఫీల్ సమ్మతి అక్కరలేదని చట్టం చేశారు. 2021 మార్చి నుంచి ఏ దేశస్థుడికైనా నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం, అంటే అప్పటి మారకం రేటులో సుమారు 20 వేల రూపాయలు, తిండి, వసతి యజమాని కల్పించకపోతే మరో 800 రియాళ్ళు ఇవ్వాలని నిర్ణయించారు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఉండేలా బయటి పనులపై నిషేధాన్ని పొడిగించారు. వేడి, తేమ, గాలి, ఎండ తీవ్రత కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ కాలంలోనైనా పని ఆపాలన్నారు. స్టేడియాల కాంట్రాక్టర్లు దాదాపు 49 వేల మంది కార్మికులకు, వారు ఏజెంట్లకు కట్టిన సొమ్మును రసీదులు అడగకుండా తిరిగి చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఇది ప్రపంచంలో మరెక్కడా ఇంత పెద్ద ఎత్తున జరగని మంచి పని.

కానీ స్టేడియాల్లో పనిచేసినవారు ఆ దేశంలోని వలస కార్మికుల్లో నూటికి ఇద్దరు మాత్రమే. మెట్రో, రోడ్లు, హోటళ్ళు, కాపలా, పారిశుద్ధ్యం వంటి పనుల్లో ఉన్న లక్షలాది మందికి ఆ మెరుగైన ప్రమాణాలు అందలేదు. సమ్మతి పత్రం చట్టంలో రద్దయినా, అలిగిన యజమాని కార్మికుడిపై ‘పరారీ’ కేసు పెట్టే అధికారం మిగిలే ఉంది. విదేశీ కార్మికులకు సొంత యూనియన్ పెట్టుకునే హక్కు ఇప్పటికీ లేదు. 2022 ఆగస్టులో నెలల తరబడి జీతాలు అందక దోహాలో రోడ్డెక్కిన కార్మికుల్లో కొందరిని నిర్బంధించి స్వదేశాలకు పంపించివేశారు. టోర్నమెంటుకు అప్పటికి మూడు నెలల వ్యవధి మాత్రమే ఉంది. యూనియన్ లేనిచోట చట్టం ఎంత మంచిదైనా, దాన్ని అమలు చేయించుకునే బలం కార్మికుడి చేతిలో ఉండదు. ఖతార్ అనుభవం చెప్పే అసలు పాఠం ఇదే.

ఈ మొత్తంలో ఫిఫా బాధ్యత ఎంత? 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన వ్యాపార, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాలు, ఏ సంస్థ అయినా తన వ్యాపార సంబంధాల వల్ల కలిగే హానిని ముందుగా పసిగట్టి నివారించాలనీ, హాని జరిగితే పరిహారంలో పాలుపంచుకోవాలనీ చెబుతున్నాయి. ఆ సూత్రాల రూపకర్త జాన్ రగ్గీతోనే 2016లో నివేదిక రాయించుకున్న ఫిఫా, అదే ఏడాది తన నియమావళి మూడో అధికరణంలో మానవ హక్కులను గౌరవిస్తామని చేర్చుకుంది. 2019–2022 నాలుగేళ్ళ కాలంలో దాని ఆదాయం 750 కోట్ల డాలర్లు దాటింది. పోటీల బహుమతి సొమ్ముకు సమానంగా 44 కోట్ల డాలర్లను హాని పొందిన కార్మికులకు, మృతుల కుటుంబాలకు కేటాయించాలని 2022 మేలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, మరికొన్ని సంఘాలు కోరాయి. ఫిఫా తానే నియమించుకున్న ఉపసంఘం కూడా పరిహారం విషయంలో సంస్థకు బాధ్యత ఉందని అభిప్రాయపడింది. చివరకు 2024లో ప్రకటించిన 5 కోట్ల డాలర్ల ‘వారసత్వ నిధి’ అంతర్జాతీయ సంస్థల అభివృద్ధి కార్యక్రమాలకు వెళ్ళింది. చనిపోయినవారి ఇళ్ళకు అందులో నుంచి నేరుగా ఏమీ రాలేదు. మంచి కార్యక్రమాలకు డబ్బు ఇవ్వడం ఎప్పుడూ మంచిదే, అయితే ఒకరికి చెల్లించవలసిన బాకీని మరొకరికి దానం చేసి తీర్చామనడం ఏ న్యాయశాస్త్రంలోనూ చెల్లదు.

ఖతార్‌పై విమర్శలో ద్వంద్వ ప్రమాణాలు ఉన్నాయన్న వాదన అరబ్ దేశాల నుంచే కాక ఫిఫా అధ్యక్షుడు జియాని ఇన్ఫాంటినో నోటి నుంచి కూడా వచ్చింది. అందులో కొంత నిజం ఉంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు ముందు రోమా జాతి ప్రజలను నగరం అంచున మార్జాన్ శిబిరంలో బంధించారు. 1968 అక్టోబరు 2న, ఒలింపిక్స్ ప్రారంభానికి పది రోజుల ముందు, మెక్సికో నగరంలోని ట్లటెలోల్కో చౌరస్తాలో విద్యార్థులపై సైన్యం కాల్పులు జరిపింది. 1978లో అర్జెంటీనా జట్టు ప్రపంచ కప్పు గెలిచిన స్టేడియానికి కూతవేటు దూరంలోనే, ఆ దేశ సైనిక పాలకుల రహస్య చిత్రహింసల కేంద్రం నడుస్తూ ఉండేది. 1988 సియోల్ ఒలింపిక్స్ కోసం 7 లక్షల మందికి పైగా నిరాశ్రయులయ్యారని గృహ హక్కుల సంఘాలు లెక్కగట్టాయి. రియోలో 2016 ఒలింపిక్ పార్కు పక్కనున్న విలా ఆటోడ్రోమో బస్తీలో వందల కుటుంబాలు ఖాళీ చేయగా, చివరిదాకా నిలబడి పోరాడిన ఇరవై కుటుంబాలు మాత్రమే అక్కడ మిగిలాయి. పారిస్ 2024 క్రీడలకు ముందు వీధుల్లో, ఖాళీ భవనాల్లో తలదాచుకునే వేలాది మందిని నగరం నుంచి దూరంగా తరలించారు. అక్కడి క్రీడా నిర్మాణాల్లో గుర్తింపు పత్రాలు లేని వలస కార్మికులను ఉపకాంట్రాక్టర్లు వాడుకున్న సంగతి 2023 అక్టోబరు సమ్మెతో అందరి దృష్టికీ వచ్చింది. కాబట్టి ఇది అరబ్బుల స్వభావానికో ఇస్లాంకో సంబంధించిన సమస్య అన్నట్టు మాట్లాడేవారు పొరబడుతున్నారు. అయితే ఇతరుల తప్పులు నిజామాబాద్ కూలీ జీతం బాకీని రద్దు చేయవు.

భారతదేశం ఈ విషయంలో బాధితుల వైపు మాత్రమే ఉందని అనుకోవడానికి కూడా వీలు లేదు. 1982 నవంబరు ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో స్టేడియాలు, ఈతకొలనులు, ఫ్లైఓవర్లు, క్రీడాగ్రామం హడావిడిగా కట్టిస్తున్నప్పుడు, ప్రజాస్వామ్య హక్కుల సంఘమైన పీయూడీఆర్ ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలతో ఆ పనుల స్థలాలను పరిశీలింపజేసి, ఆ నివేదికను జస్టిస్ పి.ఎన్. భగవతికి లేఖగా పంపింది. సుప్రీంకోర్టు ఆ లేఖనే రిట్ పిటిషన్‌గా స్వీకరించింది. రోజుకు 9 రూపాయల 25 పైసలు కనీస వేతనం కాగా, కూలీలను కుదిర్చే జమేదార్లు ఒక రూపాయి కమీషన్ కోసుకుని 8 రూపాయల 25 పైసలే ఇస్తున్నారనీ, ఆడవారికి 7 రూపాయలే ముడుతున్నాయనీ అందులో ఉంది. కూలీలను పెట్టుకున్నది కాంట్రాక్టర్లు కనుక జవాబు చెప్పవలసింది వారేనన్న ప్రభుత్వ వాదనను కోర్టు అంగీకరించలేదు: పని చేయించుకుంటున్న ప్రభుత్వం, ఢిల్లీ పాలనాయంత్రాంగం, ఢిల్లీ అభివృద్ధి సంస్థ చట్టాలు అమలయ్యేలా చూడటం తమ బాధ్యతగా భావించాలని 1982 సెప్టెంబరు 18న తీర్పు చెప్పింది.

ఆ తీర్పులోని రెండో భాగం ఇంకా లోతైనది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిచాకిరీని, ఇతర రూపాల బలవంతపు శ్రమను నిషేధిస్తుంది. కొరడా చూపించి చేయించేది మాత్రమే బలవంతమా అన్న ప్రశ్నకు ధర్మాసనం, ఆకలి, పేదరికం కూడా మనిషిని బలవంతపెట్టే శక్తులేననీ, మరో దారి లేక కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేస్తున్నవాడు చేస్తున్నది బలవంతపు శ్రమేననీ జవాబిచ్చింది. వెట్టికి ఎదురుతిరిగి పోరాడిన తెలంగాణ నేలకు ఈ వ్యాఖ్యానం బోధించనక్కరలేదు. అప్పు, పూచీకత్తు, ఒంటరితనం మధ్య చిక్కిన దోహా కార్మికుడి స్థితిని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన సూత్రం అంతర్జాతీయ పత్రాల్లో దొరకదు. ఐక్యరాజ్యసమితి సూత్రాల కన్నా 29 ఏళ్ళ ముందు వెలువడిన ఈ మాట, ప్రపంచ క్రీడారంగం చదువుకోవలసిన తొలి పాఠం. దురదృష్టవశాత్తు దాన్ని ఢిల్లీయే మరచిపోయింది. 2010 కామన్వెల్త్ క్రీడల నిర్మాణాలపై అదే పీయూడీఆర్ మళ్ళీ కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. ఢిల్లీ హైకోర్టు నియమించిన కమిటీ కనీస వేతనాలు అందకపోవడం, వసతి, భద్రత లోపించడం వంటి ఉల్లంఘనలను 28 ఏళ్ళ తరువాత అదే నగరంలో తిరిగి నమోదు చేసింది. ఆ క్రీడల పేరిట బస్తీలు కోల్పోయినవారు మరో రెండు లక్షల మంది అని గృహ, భూమి హక్కుల సంఘాల అంచనా.

ప్రతిష్ఠ దెబ్బతిన్న ప్రభుత్వాలు ఆటల వెలుగుతో ఆ మచ్చను కప్పుకునే ప్రయత్నాన్ని ‘స్పోర్ట్స్‌వాషింగ్’ అంటున్నారు. సౌదీ అరేబియా విషయంలో ఆ మాట ఎక్కువగా వినబడుతోంది. 2024 డిసెంబరు 11న ఫిఫా మహాసభ 2034 ప్రపంచ కప్పును, ఏకైక అభ్యర్థి అయిన సౌదీకి, ఓటింగు లేకుండా చప్పట్లతో అప్పగించింది. ఫిఫా పరిశీలన నివేదిక ఆ బిడ్‌లో మానవ హక్కుల ప్రమాదాన్ని ‘మధ్యస్థం’గా లెక్కించింది. సౌదీలో 1 కోటి 30 లక్షలకు పైగా విదేశీయులు ఉన్నారు, కార్మిక సంఘాలకు అనుమతి లేదు, అయిదు నగరాల్లో 15 స్టేడియాలు సిద్ధం కావాలి. నిర్మాణ కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య 2024 జూన్‌లోనే అక్కడి బలవంతపు శ్రమపై అంతర్జాతీయ కార్మిక సంస్థకు ఫిర్యాదు చేసింది. 2025 మార్చిలో అల్ ఖోబర్‌లో నిర్మాణంలో ఉన్న స్టేడియంలో పాకిస్తాన్ కార్మికుడు ఒకరు పై నుంచి పడి మరణించాడు. ఆతిథ్య హక్కు ఇచ్చేదాకానే క్రీడా సంస్థల చేతిలో బేరమాడే బలం ఉంటుంది. ఒకసారి సంతకాలయ్యాక, గడువు దగ్గరపడే కొద్దీ ఆతిథ్య దేశానిదే పైచేయి అవుతుంది. ఖతార్‌లో చేసిన పొరపాటును ఫిఫా తెలిసి తెలిసి మళ్ళీ చేసింది.

కాబట్టి ఇక పట్టుదల చూపవలసింది కార్మికులను పంపే దేశాలు. కూలీలను పంపే దేశాలు గట్టిగా అడిగితే వీసాలు మరో దేశానికి మళ్ళుతాయన్న భయం వల్ల, భారత్, నేపాల్, బంగ్లాదేశ్ ప్రభుత్వాలు ఒకదానికొకటి పోటీపడి మౌనంగా ఉండిపోయాయి. అవి కలిసి ఒకే షరతు పెడితే ఆ భయానికి చోటే ఉండదు. నలభై ఏళ్ళ లోపు కార్మికుడు ఆకస్మికంగా మరణిస్తే కుటుంబం సమ్మతితో కారణ నిర్ధారణ జరగాలని సౌదీతో ఒప్పందం కుదుర్చుకోవడం, ప్రవాసీ బీమాలో సహజ మరణాన్ని చేర్చడం, ఊళ్ళలో వసూళ్ళు చేసే ఉపఏజెంట్లపై కేసులు పెట్టడం కేంద్రం చేతిలో ఉన్న పనులే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పార్లమెంటు సభ్యులు పార్టీలతో పని లేకుండా ఈ మూడింటినీ సభలో అడగాలి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖాయమయ్యాయి, 2036 ఒలింపిక్స్‌కు కూడా భారత్ ఆసక్తి తెలిపింది. అక్కడి టెండరు పత్రాల్లో కనీస వేతనం, వసతి, పునరావాసం బాధ్యత నేరుగా నిర్వాహక సంఘానిదేనని ఇప్పుడే రాయించాలి. సుప్రీంకోర్టు తీర్పు ఉంది, మళ్ళీ కొత్త చట్టం కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు.